నిమ్మ గజ్జి తెగులుపై మేలు చేసే బ్యాక్టీరియా: పొదలకూరు ప్రాంతపు తోటలో ప్రాజెక్టు డైరీ

ఉద్దేశం, హద్దులు

నిమ్మలో గజ్జి తెగులుకు కారణం జాంథోమోనాస్ సిట్రి అనే బ్యాక్టీరియా. ఆకు, రెమ్మ, కాయ మీద గరుకుగా పైకి లేచే బెరడులాంటి మచ్చలు దీని గుర్తు. ఆకు మీద ఆ మచ్చ చుట్టూ పసుపు వలయం కూడా కనిపిస్తుంది. గాలితో కూడిన వాన పాత మచ్చల్లోని బ్యాక్టీరియాను నీటి తుంపరలతో లేత చిగుళ్ల మీదికి చేరుస్తుంది, అక్కడి నుంచి అది పత్రరంధ్రాల గుండా గానీ గాయాల గుండా గానీ లోపలికి దిగుతుంది. ముదిరిన ఆకుకు గాయం కాకపోతే తెగులు దాదాపు సోకదు. కాబట్టి మేలు చేసే బ్యాక్టీరియాతో ఆ తెగులును ఆపాలని చేసిన ఈ ప్రయోగమంతా లేత చిగురు చుట్టూనే తిరుగుతుంది.

మా ప్రాంతంలో వాడుకలో ఉన్న మందు 10 లీటర్ల నీటికి 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, 1 గ్రాము స్ట్రెప్టోసైక్లిన్. ఈ రెండోది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ల మిశ్రమం. వీటిని పంటలపై వాడకుండా నిషేధించే ముసాయిదా ఉత్తర్వును కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో వెలువరించింది. మనుషుల వైద్యానికి కావలసిన మందును నిమ్మచెట్టు మీద పోయడం నాకు మొదటి నుంచీ మింగుడుపడని విషయం కనుక దాన్ని ఈ ప్రయోగంలో చేర్చలేదు. రాగి మందు మాత్రం ఉంది, ఎందుకంటే దానితో పోల్చకుండా మేలు చేసే బ్యాక్టీరియా గురించి ఏం చెప్పినా రైతుకు ఉపయోగం లేదు.

ఇక్కడున్న అంకెలన్నీ ఒకే తోట పనిలో వచ్చినవి. వేరే నేలలో, వేరే వానలో అవి మారతాయి.

దశ 1: గది, పరికరాలు, తెగులు బ్యాక్టీరియాను వేరు చేయడం

ఆవిరి పీడనంతో క్రిములను చంపే ఆటోక్లేవ్ బదులు 12 లీటర్ల ప్రెషర్ కుక్కర్ వాడాను. విజిల్ బరువు దగ్గర పీడనం చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు ఉంటుంది గనుక మంట తగ్గించి 20 నిమిషాలు ఉంచితే మీడియా (బ్యాక్టీరియాను పెంచే ఆహారపు మిశ్రమం) శుద్ధి అవుతుంది. ఇంక్యుబేటర్‌గా థర్మోస్టాట్, 40 వాట్ల బల్బు అమర్చిన థర్మోకోల్ పెట్టె సరిపోయింది. అందులో ఉష్ణోగ్రత 28 నుంచి 31 డిగ్రీల మధ్య నిలిచింది.

వేరుచేసిన పద్ధతి ఇది:

1. కొత్త మచ్చ ఉన్న ఆకును 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, మచ్చ అంచును బ్లేడుతో కోసి, గాజు పలక మీది నీటి చుక్కలో ఉంచాలి. సూక్ష్మదర్శినిలో అంచు నుంచి పొగలా బ్యాక్టీరియా కారడం కనిపిస్తే మచ్చ పనికొస్తుంది.
2. ఆ చుక్కను న్యూట్రియంట్ అగార్ అనే మీడియా మీద గీతలుగా గీయాలి.
3. 48 నుంచి 72 గంటల్లో పసుపు రంగులో, జిగటగా, గుండ్రంగా ఎదిగిన కాలనీని (బ్యాక్టీరియా గుంపును) మళ్లీ గీసి శుద్ధి చేయాలి.
4. కుండీలోని నిమ్మ మొక్క లేత ఆకు మీద సూదితో గుచ్చి, అదే మచ్చ వస్తేనే దాన్ని ప్రయోగానికి తీసుకోవాలి.

ముదిరి గట్టిపడిన మచ్చల నుంచి వేసిన పళ్లేల్లో తెగులు బ్యాక్టీరియా కంటే బూజులే ఎక్కువ వచ్చాయి. వాటిని పారేసి, వారం లోపు పుట్టిన, చుట్టూ నీరు పట్టినట్టుండే మచ్చలకు మారాక పని సాగింది. పసుపు రంగు ఉన్నంత మాత్రాన అది జాంథోమోనాస్ కాదు, ఆకు మీద హాని చేయని పసుపు బ్యాక్టీరియాలు బోలెడు. నాలుగో మెట్టు దాటవేస్తే తర్వాతి కొలతలన్నీ వృథా.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 6,850 (పెప్టోన్, అగార్, గ్లిసరాల్, గాజు పళ్లేలు, థర్మోస్టాట్).

దశ 2: మేలు చేసే బ్యాక్టీరియా ఎంపిక

రెండు రకాలను పోటీకి పెట్టాను. మొదటిది సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్, ఇది టాల్కు పొడి రూపంలో ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. రెండోది మా తోటలోనే, చుట్టూ గజ్జి ఉన్నా పెద్దగా మచ్చలు పడని ఒక చెట్టు ఆకుల మీది నుంచి తీసిన బాసిల్లస్. ఆకులు కడిగిన నీటిని 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడిచేస్తే సిద్ధబీజాలు (వేడికి, ఎండకు తట్టుకునే నిద్రావస్థ కణాలు) చేసే బాసిల్లస్‌లు మాత్రమే బతుకుతాయి. అలా వచ్చిన కాలనీల్లో ఏడో సంఖ్య వేసినది అన్నింటికంటే బలంగా తెగులు బ్యాక్టీరియాను అడ్డుకుంది. దానికి బి-7 అని పేరు పెట్టాను.

తోటలో దొరికిన బాసిల్లస్‌ను గుర్తించకుండా చెట్లకు కొట్టకూడదు. ఈ కుటుంబంలో ఆహారాన్ని విషం చేసే బాసిల్లస్ సెరియస్ కూడా ఉంది. బి-7ను 16ఎస్ జన్యు పరీక్షకు పంపగా బాసిల్లస్ సబ్టిలిస్ సమూహానికి చెందినదని తేలింది, ఆ తర్వాతే ముందుకు వెళ్లాను.

కొన్న పొడి సంగతి వేరే చెప్పాలి. ప్యాకెట్ మీద గ్రాముకు 10 కోట్ల జీవకణాలు అని ఉంది. పలచన చేసి కింగ్స్ బి మీడియాపై లెక్కిస్తే గ్రాముకు 6 లక్షలే తేలాయి. గడువు ఇంకా ఐదు నెలలు ఉంది గానీ దుకాణంలో ఆ పెట్టె రేకుల కప్పు కిందనే వేసవి గడిపింది. మరో దుకాణంలో, తయారై నెల కూడా దాటని ప్యాకెట్‌లో 7 కోట్లు వచ్చాయి. తర్వాతి పనికి ఈ రెండో ప్యాకెట్ నుంచి వేరుచేసిన కాలనీనే వాడాను. ఫ్లోరోసెన్స్‌ను గుర్తుపట్టడానికి ఖరీదైన దీపం అక్కర్లేదు. నకిలీ నోట్లు చూసే అతినీలలోహిత టార్చిని చీకట్లో పళ్లెం మీద వేస్తే కాలనీల చుట్టూ మీడియా పచ్చటి పసుపు రంగులో వెలుగుతుంది.

కింగ్స్ బి లీటరుకు: పెప్టోన్ 20 గ్రా., గ్లిసరాల్ 10 మి.లీ., డైపొటాషియం ఫాస్ఫేట్ 1.5 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ 1.5 గ్రా., అగార్ 15 గ్రా., పీహెచ్ 7.2.

పళ్లెంలో తెగులు బ్యాక్టీరియాను పరిచి, మధ్యలో మేలు బ్యాక్టీరియా చుక్క ఉంచి, 48 గంటల తర్వాత చుట్టూ ఏర్పడిన ఖాళీ వలయాన్ని వెర్నియర్‌తో కొలిచాను:

- సూడోమోనాస్, మామూలు కింగ్స్ బి మీద: 16 మి.మీ.
- సూడోమోనాస్, ఫెర్రిక్ క్లోరైడ్ (ఇనుము లవణం) కలిపిన కింగ్స్ బి మీద: 6 మి.మీ.
- బి-7, మామూలుగా: 19 మి.మీ.
- బి-7, ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే: 18 మి.మీ.

ఈ నాలుగు అంకెల్లో చాలా విషయం ఉంది. టార్చి కింద వెలిగే ఆ రంగు పదార్థం పేరు పయోవర్డిన్. అది చుట్టూ ఉన్న ఇనుమును పట్టి సూడోమోనాస్‌కు అందిస్తుంది. ఇనుము కరువైన చోట పక్కవాడికి మిగలదు, అందుకే తెగులు బ్యాక్టీరియా ఎదగలేదు. ఇనుము దండిగా కలపగానే ఆ ఆయుధం పనికిరాకుండా పోయింది. బి-7 బలం ఇనుముతో సంబంధం లేనిది. బాసిల్లస్ సబ్టిలిస్ రకాలు సర్ఫాక్టిన్, ఇట్యురిన్, ఫెంజిసిన్ వంటి కొవ్వు పెప్టైడ్‌లను విడుదల చేస్తాయి; ఇవి ఎదుటి సూక్ష్మజీవి కణపొరను దెబ్బతీస్తాయి.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 9,150.

దశ 3: బి-7ను లీటర్లలో పెంచడం

5 లీటర్ల గాజు సీసా, ఆక్వేరియం గాలి పంపు, దూది వడపోత. మీడియాకు లీటరుకు బెల్లం 10 గ్రా., సోయా పిండి 10 గ్రా. వేశాను. మొదటి రెండు విడతలు పుల్లటి కుళ్లు వాసనతో పాడయ్యాయి, పీహెచ్ 7 నుంచి 5.1కి పడిపోయింది. లోపం గాలి దారిలో ఉంది. సోయా నురుగు గొట్టంలోకి ఎగదన్ని దూదిని తడిపింది, తడిసిన దూది వడకట్టదు సరికదా తానే క్రిములకు నెలవవుతుంది.

చేసిన మార్పులు:

1. పంపుకు, సీసాకు మధ్య ఖాళీ సీసా ఒకటి అడ్డుపెట్టి, దానికి రెండు వైపులా పొడి దూది వడపోతలు ఉంచాను.
2. నురుగు అణగడానికి శుద్ధి చేసే ముందే లీటరుకు నాలుగు చుక్కల వంటనూనె వేశాను.
3. సోయా పిండిని ముందు రోజు నానబెట్టి ఒకసారి ఉడికించి, మరుసటి రోజు కుక్కర్‌లో పెట్టాను. పిండి ఉండల్లో దాగిన బీజాలు ఒక్క ఉడుకుకు చావవు.
4. మాంగనీస్ సల్ఫేట్ లీటరుకు 10 మి.గ్రా. చేర్చాను. సిద్ధబీజాలు ఏర్పడడానికి మాంగనీసు కావాలి.

48 గంటలకు మి.లీ.కి 40 కోట్ల కణాలు ఉన్నా వాటిలో సిద్ధబీజాలు ఐదో వంతే. 96 గంటలకు మొత్తం సంఖ్య పెరగలేదు గానీ సిద్ధబీజాలు 85 శాతానికి చేరాయి. ద్రావణం చిక్కబడింది కదా అని రెండో రోజే వాడేస్తే ఎండకు తట్టుకోని కణాలనే చెట్టు మీద పోసినట్టు.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 10,300.

దశ 4: ఆకు మీద ఎన్నాళ్లు బతుకుతాయి

పళ్లెంలో వలయం పెద్దదిగా వచ్చింది గనుక తోటలోనూ గెలుస్తుందనుకోవడం ఈ రంగంలో అన్నిటికంటే మామూలు పొరపాటు. మేలు బ్యాక్టీరియా పేరు తెచ్చుకున్న చోట్లు చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. అమెరికాలో ఆపిల్, పియర్ చెట్ల ఫైర్ బ్లైట్ తెగులుకు సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ ఎ506 రకాన్ని పూత విప్పే రోజుల్లో కొడతారు. పూవులోని కీలాగ్రం చిన్నది, తేమగా ఉంటుంది, కొద్ది రోజులే తెరిచి ఉంటుంది. ముందుగా చేరిన బ్యాక్టీరియా ఆ చోటును ఆక్రమించగలదు. ఆస్ట్రేలియాలో అలెన్ కెర్ 1970లలో క్రౌన్ గాల్ తెగులుపై వాడిన ఆగ్రోబ్యాక్టీరియం కె84 విషయమూ అంతే. నాటే ముందు వేళ్లను అందులో ముంచితే, తెగులు రాకముందే గాయాల దగ్గర అది చేరి, అగ్రోసిన్ 84 అనే విషంతో శత్రువును ఆపుతుంది. రెండు చోట్లా చోటు చిన్నది, సమయం తక్కువ. నిమ్మ ఆకు అలా కాదు: వెడల్పైనది, మైనం పూతతో నున్నగా ఉంటుంది, ఎండకు మాడుతుంది, పైగా రోజూ సాగుతూ కొత్త చోటు చూపిస్తుంది.

కొలిచిన తీరు: 5 గ్రాముల లేత ఆకులను శుద్ధమైన 0.85 శాతం ఉప్పునీళ్లు 50 మి.లీ.లో 20 నిమిషాలు కుదిపి, పలచన చేసి పళ్లేలపై పరిచాను. రెండు ద్రావణాలనూ మి.లీ.కి 2 కోట్ల కణాలుండేలా పలచన చేసి సాయంత్రం 5 తర్వాత కొట్టాను. ఆగస్టు, మధ్యాహ్నం నీడలో 37 డిగ్రీలు. గ్రాము ఆకుకు:

- కొట్టిన వెంటనే: సూడోమోనాస్ 21 లక్షలు, బి-7 18 లక్షలు
- ఒక రోజుకు: 3 లక్షలు, 11 లక్షలు
- మూడు రోజులకు: 2 వేలు, 4 లక్షలు
- ఏడు రోజులకు: సూడోమోనాస్ లెక్కకు అందలేదు, బి-7 80 వేలు

ఉదయం 11 గంటలకు కొట్టిన చెట్ల మీద సూడోమోనాస్ మరుసటి రోజుకే 40 వేలకు దిగింది. నీళ్లు కొట్టిన చెట్ల మీద కూడా గ్రాముకు వంద నుంచి మూడు వందల దాకా అడవి బాసిల్లస్‌లు ఉంటాయి కనుక వాటిని పై అంకెల నుంచి తీసివేశాను. రిఫాంపిసిన్‌కు లొంగని రకాన్ని తయారుచేసి వదిలితే, ఆ మందు కలిపిన పళ్లెంలో అదే ఎదుగుతుంది గనుక లెక్క తేలికయ్యేది. క్షయ రోగులకు ఇచ్చే మందుకు లొంగని బ్యాక్టీరియాను చేజేతులా తోటలో చల్లడం ఇష్టంలేక కాలనీ ఆకారంతోనే సరిపెట్టుకున్నాను.

బి-7 అంకెల్లో ఒక మెలిక ఉంది. ఆకు మీద నిద్రలో ఉన్న సిద్ధబీజం విషమూ విడుదల చేయదు, చోటుకూ పోటీపడదు. అది మేలుకుంటుందా అన్నదే ప్రశ్న. ఒకే నమూనాను వేడిచేసి ఒకసారి, చేయకుండా ఒకసారి పళ్లెంలో వేసి చూశాను. పొడి వాతావరణంలో రెండు లెక్కలూ దాదాపు సమానం, అంటే అన్నీ నిద్రలోనే ఉన్నాయి. రాత్రంతా జల్లు పడిన మరుసటి ఉదయం వేడిచేసిన నమూనాలో 60 వేలు, చేయని దానిలో 2.3 లక్షలు వచ్చాయి. తెగులు బ్యాక్టీరియా కదలడానికి ఏ తడి కావాలో ఆ తడికే ఇవీ మేలుకుంటున్నాయన్నమాట. ఈ ఒక్క కొలతే నన్ను బి-7తో తోట ప్రయోగానికి పురిగొల్పింది.

ఇదే దశలో మరో రెండు విషయాలు తేలాయి. అంటుకోవడానికి 1 శాతం బెల్లం కలిపిన చెట్లకు చీమలు పట్టాయి, ఆకుల మీద నల్లని మసి బూజు వచ్చింది. బెల్లం మానేసి పలచని గంజి లీటరుకు 20 మి.లీ. కలిపితే ఆ బెడద లేదు. రాగి మందు వాడిన 16 లీటర్ల స్ప్రేయర్‌ను మూడుసార్లు కడిగిన తర్వాత కూడా చివరి కడుగునీటిలో గంటసేపు ఉంచిన సూడోమోనాస్‌లో సగానికి పైగా చచ్చాయి. బి-7 సిద్ధబీజాల సంఖ్య తగ్గలేదు. అప్పటి నుంచి బ్యాక్టీరియాకు విడిగా స్ప్రేయర్ పెట్టాను.

సూడోమోనాస్‌కు న్యాయం చేయాలంటే దాన్ని వేళ్ల దగ్గర కూడా చూడాలి. కుండీ మొక్కల మొదళ్ల దగ్గర ద్రావణాన్ని పోసి, పది రోజుల తర్వాత ఆకుల మీద తెగులు బ్యాక్టీరియాను పిచికారీ చేశాను. ఆకుల మీద సూడోమోనాస్ లేదు, అయినా ఆకుకు మచ్చలు సగటున 22 నుంచి 15కి తగ్గాయి. వేళ్ల దగ్గరి బ్యాక్టీరియాను గుర్తించి మొక్క తన రక్షణ వ్యవస్థను ముందుగానే సిద్ధం చేసుకోవడం దీనికి కారణం. రెండు జీవులు ఎదురుపడకుండానే ఒకటి మరొకదాన్ని అణచడం ఇది.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 12,100.

దశ 5: తోటలో, ఈశాన్య రుతుపవనాల కాలం

అక్టోబరు చిగురు మీద పెట్టాను. మాకు అసలు వానలు అప్పుడే. 40 చెట్లు, నాలుగు భాగాలు. ప్రతి భాగంలో ఐదు పద్ధతులు, పద్ధతికి రెండు చెట్లు, ఏ చెట్టుకు ఏది అన్నది చీటీలు తీసి నిర్ణయించాను. ముందుగా గజ్జి పట్టిన ఎండు రెమ్మలు కత్తిరించి, కాల్చి, కోతలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూశాను. పాత మచ్చల్లోని తెగులును ఏ మేలు బ్యాక్టీరియా నయం చేయదు. అది కొత్త మచ్చను ఆపేదే తప్ప పాతదాన్ని మాన్పేది కాదు.

పిచికారీ వరుస:

1. చిగురు రెండు మూడు సెంటీమీటర్లు ఉన్నప్పుడు మొదటిది, ఆపై పది రోజులకొకటి, మొత్తం ఐదు.
2. చెట్టుకు 6 లీటర్లు, ఆకు అడుగు భాగం తప్పకుండా తడిసేలా. పత్రరంధ్రాలు ఉండేది అక్కడే.
3. రాగి: లీటరుకు 3 గ్రా. కాపర్ ఆక్సీక్లోరైడ్.
4. మార్చి మార్చి కొట్టే పద్ధతిలో మూడు బి-7, రెండు రాగి.

పక్క తోట పెద్దాయన స్ప్రేయర్ దగ్గర ముక్కుపెట్టి, "మందు వాసనే లేదే, ఇది పనిచేస్తుందా నాయనా" అన్నారు. ఆయన చేతికే లెక్క పుస్తకం ఇచ్చి ఒక భాగం ఆకులు లెక్కపెట్టించాను. ఏ చెట్టుకు ఏది కొట్టామో ఆయనకు తెలియదు గనుక ఆ లెక్క నా లెక్క కంటే నమ్మదగినది.

నవంబరు చివర, గుర్తు కట్టిన రెమ్మల్లో ఆకుకు సగటు మచ్చలు, ఆ తర్వాత నూరు కాయల్లో మచ్చపడినవి:

- నీరు: 13.2, 38
- రాగి: 5.1, 15
- సూడోమోనాస్ ఆకు మీద: 10.6, 33
- బి-7: 7.4, 24
- బి-7, రాగి మార్చి మార్చి: 4.6, 14

రాగికీ చివరి పద్ధతికీ మధ్య తేడా చెప్పుకోదగ్గది కాదు, చెట్టుకు చెట్టుకు ఉన్న హెచ్చుతగ్గుల్లో అది కలిసిపోతుంది. చెప్పుకోవలసింది వేరే ఉంది: అదే ఫలితం ఐదు రాగి పిచికారీలకు బదులు రెండింటితో వచ్చింది. బి-7 ఒక్కటే రాగికి సాటి రాలేదు.

ఎందుకు రాలేదో వెతికితే మూడు కారణాలు దొరికాయి. ఒకే రాత్రి 60 మి.మీ. వాన పడ్డాక ఆకు మీది బి-7 సంఖ్య పదో వంతుకు పడిపోయింది, పది రోజుల గడువు దాకా ఆగడంతో ఆ చెట్లు కాపలా లేకుండా ఉండిపోయాయి. రెండోది, పిచికారీల మధ్య విప్పుకున్న ఆకుల మీద మేలు బ్యాక్టీరియా దాదాపు లేదు. రెమ్మ చివరి మూడు ఆకుల్లోనే సగం మచ్చలున్నాయి. మూడోది ఆకు తొలుచు పురుగు. పురుగు పాములా గీసిన సొరంగాల వెంబడి మచ్చలు వరుసగా పేర్చినట్టు వచ్చాయి. అలాంటి ఆకులను విడిగా లెక్కిస్తే నీటి చెట్లలో ఆకుకు 31, బి-7 చెట్లలో 27. పురుగు ఆకు పైపొరను చీల్చి లోపలి కండను తెరిచాక, పైన కూర్చున్న బ్యాక్టీరియా చేయగలిగింది ఏమీ లేదు. సొరంగం లేని ఆకులను మాత్రమే తీసుకుంటే బి-7 సగటు 5.3.

రోడ్డు వైపున్న, గాలికి అడ్డులేని భాగంలో నీటి చెట్లకు 21 మచ్చలు, సరుగుడు వరుస వెనకున్న భాగంలో 8. అంటే ఆ సరుగుడు వరుస ఒక్కటే మేము కొట్టిన రాగి మందుకు దాదాపు సాటిగా మేలు చేసింది.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 16,740 (కూలీ, డీజిలు, రెండో స్ప్రేయర్ కలిపి).

దశ 6: జనవరి చిగురుకు మార్పులు

1. సూడోమోనాస్‌ను ఆకు మీద కొట్టడం మానేసి, డ్రిప్పు ద్వారా పాదుల్లోకి ఇస్తాను.
2. బి-7 గడువు పది నుంచి ఏడు రోజులకు. 40 మి.మీ. దాటిన వాన పడితే గడువుతో పనిలేకుండా, ఆకు ఆరిన సాయంత్రమే మళ్లీ.
3. చిగురు మొదట్లో, ఆకు తొలుచు పురుగుకు లీటరుకు 5 మి.లీ. వేపనూనె, బి-7కు రెండు రోజుల ఎడంగా.
4. రాగి రెండే సార్లు, రెండూ పెద్ద వాన సూచన ఉన్నప్పుడు.
5. రోడ్డు వైపు సరుగుడు రెండు వరుసలు.

నిల్వకు పొడి కూడా చేశాను. కిలో టాల్కు, 15 గ్రా. కాల్షియం కార్బొనేట్, 10 గ్రా. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ కలిపి కుక్కర్‌లో శుద్ధి చేసి, చల్లారాక 400 మి.లీ. బి-7 ద్రావణం కలిపి నీడలో ఆరబెట్టాలి. చేసిన రోజు గ్రాముకు 15 కోట్లు, నెల తర్వాత గదిలో ఉంచిన దానిలో 11 కోట్లు. రేకుల కొట్టంలో ఉంచిన ప్యాకెట్‌ను చిగురు వచ్చే వారంలో లెక్కించి, ఆ అంకెను బట్టి మోతాదు సవరిస్తాను.

మొత్తం ఖర్చు: రూ. 17,160.